అద్దె ఊపిరి

"వానలు పడేదాకానే చూస్తాను. ఆ తర్వాత నీ పిల్లని నువ్వే చూసుకో," అంది మా అత్తగారు, ఆ ఎండాకాలం మొదట్లో, పిచ్చుకని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి.

పిచ్చుక మా అమ్మాయి. అప్పుడప్పుడే మాటలు, పరుగులు రెండూ ఒకేసారి వచ్చాయి దానికి. అసలు పేరు వేరే ఉంది గానీ, నోరు మూయకుండా కిచకిచలాడుతుందని ఆవిడే ఆ పేరు తగిలించింది.

"వానలకీ దీనికీ ఏం సంబంధం అత్తయ్యా?"

"దీనికి లేదు. నా మోకాళ్ళకుంది. తేమ తగిలిందంటే అవి నా మాట వినవు. ఇది వీధిలోకి పరిగెడితే పట్టుకోవడానికి ఇంకో జత కాళ్ళు ఎవరిస్తారే నాకు?"

మాట న్యాయమైనదే. మా ఆయన లారీ ఎక్కితే వారాల తరబడి ఇంటి మొహం చూడడు. ఇంట్లో మిగిలేది మేం ముగ్గురం. ఒకరికి నడవడం కష్టం, ఒకరికి ఆగడం కష్టం, మధ్యలో నేను.

"పోనీ, అదేమన్నా ఉద్యోగమా? గాజుపలకలు కడగడం! కడగాలని అంత ముచ్చటగా ఉంటే ఇంట్లో గిన్నెలున్నాయిగా."

"ఇప్పుడు కడగడం కాదత్తయ్యా. కోయడం నేర్పిస్తామన్నారు."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "బంగాళాదుంప కోయమంటే ఇటుకలు చేస్తావు. నీకు కత్తి ఇస్తారా? పాపం, ఏ రోగులో వాళ్ళు."

నేను పనిచేసేది ఆసుపత్రి వెనక, శవాలగది పక్కన ఉన్న ల్యాబులో. ఒంట్లోంచి ఏ గడ్డ తీసినా, ఏ మచ్చ కోసినా, చిన్న ముక్క కుళ్ళకుండా ఫార్మలిన్ సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని స్పిరిట్‌లో ముంచి నీరంతా లాగేసి, తర్వాత ఆ స్పిరిట్ కూడా పోగొట్టి, కరిగిన మైనం తాగిస్తారు. చల్లారాక అది చిన్న సబ్బుబిళ్ళలాంటి దిమ్మ అవుతుంది. దాన్నే బ్లాకు అంటాం. బ్లాకుని మిషనుకి బిగించి పక్కనున్న చక్రం తిప్పితే, అది కత్తిని రాసుకుంటూ కిందికి దిగుతుంది. తిప్పుకొక పొర. ఆ పొర ముందు ఉల్లిపొర దుప్పటి కిందే లెక్క. పొర అంచుకి పొర అతుక్కుంటూ రిబ్బన్‌లా జారాలి. దాన్ని కుంచెతో లేపి గోరువెచ్చటి నీళ్ళమీద వదిలితే ముడతలు విప్పుకుంటుంది. అప్పుడు గాజుపలక మీదికి ఎత్తి రంగులు పట్టిస్తే, డాక్టరమ్మ మైక్రోస్కోపులో చూసి రోగమేమిటో చెప్తుంది.

ఇన్నాళ్ళూ నా వంతు ఆ పలకలూ సీసాలూ కడగడమే. కోసేవాళ్ళు ఇద్దరుండేవారు. ఒకాయన వేరే ఊరు వెళ్ళిపోయాడు. మిగిలింది బ్లేడు బాబాయ్. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, డాక్టరమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

"వానలు మొదలయ్యేసరికి కొత్త మనిషిని వేసుకుంటాం," అంది డాక్టరమ్మ నాతో. "ఈలోగా నీ చెయ్యి కుదిరితే ఆ మనిషివి నువ్వే. కుదరకపోతే బయటినుంచి ఎవరో వస్తారు. ఏమంటావు?"

"నేను తొమ్మిదో తరగతి మధ్యలోనే ఆపేశానమ్మా."

"మైనం సర్టిఫికెట్ అడగదులే," అన్నాడు బాబాయ్ వెనకనుంచి.

అలా ఆ ఏడు నాకు ఇంట్లోనూ వానలే గడువు, బయటా వానలే గడువు. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కనిపించినా గుండె గుభేలుమనేది.

*

"నేర్చుకోవడానికి మంచి కాలం ఏరుకున్నావమ్మాయ్," అన్నాడు బాబాయ్ మొదటి రోజు. "ఎండాకాలంలో మైనం కోయడమంటే వెన్నని రంపంతో కోయడమే."

నిజమే. ఫ్యాను వేస్తే పొరలు ఎగిరిపోతాయి. ఆపితే చెమట కారి కళ్ళలో పడుతుంది. వేడికి మైనం మెత్తబడి, పొరలన్నీ నలిగిన రవికల్లా ముడుచుకుని కత్తికే అతుక్కునేవి. అందుకని ఐసు పళ్ళెంలో బ్లాకులు బోర్లించి ఉంచి, ఒక్కొక్కటీ తీసి, చల్లదనం పోకముందే కోయాలి. మార్కెట్ నుంచి తెచ్చిన మేక కాలేయంతో బాబాయ్ నాకు బ్లాకులు చేసి ఇచ్చాడు. నేను కోసిన కోతకి ఆ మేక రెండోసారి చచ్చింది.

"చక్రాన్ని తిప్పకు. అది తిరుగుతుంటే నువ్వు పక్కన ఉండు, అంతే. ఎందుకంత గుంజుతావ్? బావిలోంచి ఏనుగుని తోడుతున్నావా?"

ఆయన పాఠాలన్నీ ఇలాగే ఉండేవి. కానీ ఆయన కోస్తుంటే చూడాలి. కళ్ళు మూసుకుని కోసేవాడు.

"కోత మాట్లాడకూడదమ్మాయ్. కరకరమందా, కత్తి మొద్దుబారింది. టిక్కుమందా, ముక్కలో ఎక్కడో గట్టి రేణువుంది. గరగరమందా, బ్లాకు మరీ చల్లబడిపోయింది. అయినా ఈ ఎండల్లో ఆ చప్పుడు వినే భాగ్యం నీకుండదులే. ఏమీ వినపడలేదనుకో, అప్పుడు కళ్ళు తెరిచి చూడు. రిబ్బన్ దిగుతూ ఉంటుంది."

ఒక్క విషయంలో మాత్రం ఆయన నన్ను మెచ్చుకున్నాడు. కుంచెతో పొరని లేపేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. కాస్త గాలి తగిలినా అది గాలిపటమైపోతుంది. ఆ విద్య నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. పిచ్చుకకి పుట్టిన కొత్తలో జ్వరం వచ్చి, ఒళ్ళు బిగుసుకుపోయి, కాసేపు ఊపిరి అందలేదు. తర్వాత అంతా బాగానే ఉంది, డాక్టర్లు ఇక భయం లేదన్నారు. నాకే పోలేదు. అది నిద్రపోతుంటే లేచి లేచి ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. వేలికి వెచ్చగా తగిలేదాకా నా ఊపిరి ఆగే ఉండేది. పగలు కూడా తలుపు చప్పుడైనా, ఫోను మోగినా అంతే.

"ఎందుకే అలా బిగబట్టుకుంటావు?" అనేది అత్తగారు. "ఊపిరేమన్నా అద్దెకు తెచ్చుకున్నావా, వాడితే అరిగిపోతుందని?"

ఎండలు ముదిరేసరికి పొరలు ఒకటీ అరా నిలబడసాగాయి. ఒక పొద్దున నాలుగైదు పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని బుల్లి రిబ్బన్‌గా దిగాయి. నేను కేక పెట్టాను. ఆ కేకకి రిబ్బన్ కాస్తా ఎగిరి బాబాయ్ మీసం మీద వాలింది.

"చూశావా, మొదటి పతకం నాకే తగిలించావు," అన్నాడాయన, మీసం కదపకుండా.

ఆ ఊపులోనే మంచి తప్పొకటి కూడా చేశాను. ఒక బ్లాకు పొరలు ఎత్తాక, ఇంకో బ్లాకువి వేసేముందు ఆ నీళ్ళ పైభాగం మీద పల్చటి కాగితంతో ఒకసారి తుడవాలి. లేకపోతే మొదటివాళ్ళ నలుసేదో తేలుతూ ఉండి, రెండోవాళ్ళ పలక మీదికి ఎక్కేస్తుంది. నేను మర్చిపోయాను. డాక్టరమ్మ మైక్రోస్కోపు మీదనుంచి తలెత్తి నన్ను పిలిచింది.

"ఈయన భుజమ్మీద పుట్టుమచ్చ తీశారు. అందులో పేగు మొలిచింది. ఏమిటి కథ?"

బాబాయ్ పకపకా నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

"నవ్వే సంగతి కాదు బాబాయ్. పేగు కాబట్టి కనిపెట్టాను. అదే వేరే ఎవరిదో కాన్సరు నలుసు అయ్యుంటే? ఆ భుజం మనిషి ఈ రాత్రి నిద్రపోయేవాడా?"

ఆ మాట నా లోపలికి దిగిపోయింది. నిద్రపోని మనిషంటే ఏమిటో నాకు తెలుసు. మళ్ళీ ఎప్పుడూ నీళ్ళు తుడవకుండా పొర వేయలేదు.

*

ఇంట్లో కూడా నా చెయ్యి ఊరుకునేది కాదు. కూర తరుగుతుంటే అత్తగారు పక్కన కూర్చుని ఒక్కో ముక్కా వెలుతురుకి ఎత్తి చూసేది.

"ఇటుక పోయి పెంకు అయ్యింది. పర్వాలేదు, ఎదుగుతున్నావు."

"వానలకి ఇంకా టైముందిగా అత్తయ్యా."

"ఏమో, నా మోకాళ్ళనడుగు. ఎడమది రాత్రినుంచీ ఏదో గొణుగుతోంది."

రేడియోవాళ్ళు ఇంకా ఎండలే అంటున్నారు. కానీ ఆ ఇంట్లో రేడియో మాటకన్నా ఎడమ మోకాలి మాటకే విలువెక్కువ.

సరిగ్గా అప్పుడే బాబాయ్ కంటికి శుక్లం ఆపరేషనైంది. ఇంట్లో పడుకోమంటే వినకుండా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ల్యాబుకి వచ్చి కూర్చునేవాడు. వంగకూడదు, కన్ను చికిలించకూడదు. అంటే కోయకూడదు. పెద్ద పెద్ద ముక్కలన్నీ నేనే కోస్తున్నాను. అవి ఓర్చుకునే ముక్కలు. పొర పాడైతే ఇంకో పొర తీసుకోవచ్చు. నేనూ ధైర్యంగానే ఉన్నాను.

ఒకరోజు తెల్లవారుతుండగా ఉరుము ఉరిమింది. లేచి చూస్తే కిటికీ అవతల ఆకాశం తడిబొగ్గులా ఉంది. చల్లగాలి. అత్తగారు మంచం మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది.

"చెప్పానా," అంది. అంతే అంది.

నేను ల్యాబుకి చేరేసరికి తొలి చినుకులు రేకుల మీద టపటపా మొదలయ్యాయి. డాక్టరమ్మ నాకోసమే చూస్తోంది. ఆమె చేతిలో ఒక బ్లాకు.

"ఇది చిన్నపిల్లది, స్కూలుకెళ్ళే పిల్ల. కిడ్నీలోకి సూది గుచ్చి తీసిన ముక్క. ఒక్కసారే గుచ్చగలిగారట, రక్తం ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇంక గుచ్చం అంటున్నారు. ఇదే ముక్క, ఇంతే ముక్క."

చూశాను. తెల్లటి మైనంలో ఎర్ర నూలుపోగు తుంపినట్టుంది. నాలుగు తిప్పులు గట్టిగా తిప్పితే మాయమైపోయేంత.

"బయటి ల్యాబుకి పంపితే మాట రావడానికి వారం పడుతుంది. ఆ పిల్లకి బలమైన మందు మొదలెట్టాలా వద్దా అని ఈరోజే తేలాలి." ఆమె బాబాయ్ వైపు చూసింది. "ఏమంటావు బాబాయ్?"

ఆయన నల్లద్దాల వెనకనుంచి ఎటు చూస్తున్నాడో తెలియలేదు. "కత్తి కొత్తది వేసుకో అమ్మాయ్," అన్నాడు నాతో. లేచి, తడుముకుంటూ వెళ్ళి గుమ్మం అవతల స్టూలు మీద కూర్చున్నాడు. "నేనిక్కడుంటా. పక్కనుంటే నా నోరు ఊరుకోదు."

వరండాలో బల్ల మీద ఒకాయన, చేతిలో మంచినీళ్ళ సీసా పట్టుకుని కూర్చుని ఉన్నాడు. దాని మూత విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. తాగడం లేదు. ఆ పిల్ల తండ్రి అని ఎవరూ చెప్పక్కర్లేదు.

బ్లాకుని ఐసు మీద బోర్లించాను. కత్తి మార్చాను. నీళ్ళు తుడిచాను, ఎవరి నలుసూ లేకపోయినా మళ్ళీ తుడిచాను. పలకలు వరసగా పేర్చి, చెదరగొట్టి, మళ్ళీ పేర్చాను. అంతసేపూ బ్లాకు ఐసు మీదే ఉంది. ఎండాకాలమంతా అలాగే చేశాను కదా, ఎంత చల్లబడితే అంత మంచిదనే నా లెక్క. గదిలోకి వానగాలి వస్తోందని, ఈరోజు మైనానికి చెమట పట్టదని నాకు తోచలేదు.

బిగించి, ఊపిరి బిగబట్టి, చక్రం తిప్పాను.

గరగరమంది.

ఆ వేసవి అంతా వినని చప్పుడు. పొర రాలేదు. సున్నపు పెచ్చులా చిట్లి, చుట్టలు చుట్టుకుని, పొడై రాలింది. చెయ్యి దాని మానాన అది ఇంకో తిప్పు తిప్పేసింది. మళ్ళీ గరగర. ఎర్ర నూలుపోగు అంచు కత్తి కింద పొడిగా కనిపించింది. పిల్ల కిడ్నీ, పొడి.

చక్రానికి గడియ వేసేశాను.

గుమ్మం అవతల స్టూలు కిర్రుమంది. ఆయనకి వినపడిందని తెలుసు.

కాసేపు అలా వదిలేస్తే చల్లదనం అదే పోతుంది. కానీ అంతా మెత్తబడిపోతుంది. ఇలాంటి సన్న ముక్కకి లోపల గట్టిగానే ఉండాలి, పైపొర మాత్రం రవ్వంత మెత్తబడాలి. రవ్వంత వెచ్చదనం ఎక్కడినుంచి తేను? చూపుడువేలు బ్లాకు దగ్గరికి తీసుకెళ్ళాను, తాకకుండా. చల్లగా తగిలింది.

ఎన్ని రాత్రులు ఆ వేలు పిచ్చుక ముక్కు కింద పెట్టి ఉంటాను! ఆ వేలికి వెచ్చదనం తూకం తెలుసు. నిద్రపోయే పిల్ల ఊపిరంత. అంతకన్నా అక్కర్లేదు.

వంగాను. పొద్దుటినుంచీ లోపల దాచుకున్న ఊపిరిని, నెమ్మదిగా, నోరు తెరిచి, ఆ మైనం మీదికి వదిలాను. మెరుస్తున్న మొహం మీద సన్నటి ఆవిరి పట్టి, పోయింది. ఇంకోసారి. ఎప్పుడూ అంత పొడుగ్గా ఊపిరి వదిలింది లేదు. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి.

గడియ తీశాను. చక్రం తిరిగింది, నేను పక్కన ఉన్నాను.

మొదటి పొర దిగింది. దాని అంచు పట్టుకుని రెండోది. వాటి వెనక ఇంకోటి, ఇంకోటి, నడుమ ఎర్రటి గీతతో, నలగకుండా, చీలకుండా. బడికెళ్ళే పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వెళ్ళినట్టు. వాన చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. ముక్క ఇంకా కొంత మిగిలి ఉండగానే ఆపేశాను. కుంచెతో లేపి నీళ్ళ మీద వదిలితే, పక్కమీద పరిచిన దుప్పటిలా ఒక్క ముడత లేకుండా పరుచుకుంది.

పలకల మీదికి ఎత్తుకున్నాక గుమ్మం వైపు చూశాను. బాబాయ్ తల పక్కకి వాల్చి కూర్చుని ఉన్నాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"నన్నడుగుతావేంటి?" అన్నాడు. "నాకేమీ వినపడలేదమ్మాయ్."

*

రంగులు పట్టించి డాక్టరమ్మకి ఇచ్చి, చేతులు కడుక్కుంటుంటే వరండాలో కిచకిచలు వినిపించాయి. చూస్తే మా అత్తగారు. ఒక చేత గొడుగు, చంకలో పిచ్చుక, చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది.

"మాటంటే మాటే," అంది. "వానలొచ్చాయి. నీ పిల్లని నీకు అప్పజెప్పడానికొచ్చాను."

పిచ్చుక నా మీదికి దూకింది. అప్పుడే డాక్టరమ్మ తన గదిలోంచి బయటికి వచ్చింది. నా పక్కనుంచి నేరుగా బల్ల మీద కూర్చున్నాయన దగ్గరికి నడిచింది.

"మీ అమ్మాయిది మందుకి లొంగే జబ్బేనండీ. స్పష్టంగా తెలిసింది. ఇవాళే మొదలెడదాం."

ఆయన సీసా మూత తీసి గటగటా నీళ్ళన్నీ తాగేశాడు.

డాక్టరమ్మ వెనక్కి వస్తూ మా అత్తగారి ముందు ఆగింది. "మీరు?"

"ఈ పిల్ల అత్తగారినమ్మా."

"అయితే రండి. మీ కోడలు కోసింది చూద్దురుగాని."

అత్తగారు గొడుగు మూలకి ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుని, మైక్రోస్కోపు మీద వంగింది.

"గులాబీ గుడ్డ మీద ఎవరో నూలుండలు ఆరబోసినట్టుంది," అంది తల ఎత్తకుండా.

"ఆ ఉండలే కిడ్నీలో రక్తాన్ని వడపోసేవి. కావలసినన్ని దొరికాయి, ఒక్కటీ నలగలేదు. రేపట్నుంచి కత్తి దగ్గర కొత్త మనిషి మీ కోడలే." డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఏం, వస్తావుగా?"

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఇంట్లో బంగాళాదుంపలు మాత్రం ఇప్పటికీ ఇటుకలేనమ్మా," అంది డాక్టరమ్మతో, గొప్పలు చెప్పుకునేవాళ్ళ గొంతుతో.

ఒకే గొడుగు కింద ముగ్గురం ఇంటికి నడుస్తుంటే అత్తగారు అడిగింది: "పొద్దున ఎన్నింటికెళ్ళాలి?"

"పొద్దెక్కేసరికి ఉండాలి. మరి మీ మోకాళ్ళో?"

"అవి ఎండాకాలంలోనూ నొప్పే. నీకు చెప్పలేదంతే." రెండడుగులు వేసి మళ్ళీ అంది, "వీధి తలుపుకి గడియ కాస్త పైకి బిగించమను నా కొడుకుని. ఇది పరిగెత్తేదేదో ఇంట్లోనే పరిగెడుతుంది. నేను కూర్చున్నచోటినుంచే తిడతాను."

మర్నాడు పొద్దున అత్తగారు భుజం తట్టి లేపితే గానీ మెలకువ రాలేదు. కిటికీలో వెలుతురు. పిచ్చుక నా పక్కన లేచి కూర్చుని, తన బుల్లి వేలు నా ముక్కు కింద పెట్టి చూస్తోంది.

"లే, కత్తి చల్లారిపోతుంది," అంది అత్తగారు. "రాత్రంతా గురక పెట్టావు, ఇల్లు లేచిపోయేటట్టు. అద్దె ఊపిరి కాదే పిల్లా, సొంతమే!"